చెరకు ఆకులోని నాలుగు కర్బనాలు

నిజామాబాదు పట్టణం నుండి బోధన్ వైపు సాగే దారికి ఇరువైపులా ఉన్న పొలాలను రైతు ఒక విధంగా విభజిస్తే, వృక్షశాస్త్రజ్ఞుడు మరొక విధంగా విభజిస్తాడు. రైతు దృష్టిలో వరి, చెరకు తరి పైరులు. జొన్న, సోయా చిక్కుడు మెట్ట పైరులు. శాస్త్రజ్ఞుని దృష్టిలో మాత్రం వరి, పసుపు, సోయా చిక్కుడు ఒక జట్టు. చెరకు, మొక్కజొన్న, ఆర్మూరు ప్రాంతపు ఎర్రజొన్న మరొక జట్టు. ఈ రెండవ విభజన కంటికి కనిపించేది కాదు. అది ఆకు లోపల జరిగే రసాయన క్రియకు సంబంధించినది.

ఈ తేడాను కనుగొన్నది చెరకు ఆకును పరీక్షిస్తున్న శాస్త్రజ్ఞులు. వారు వెదుకుతున్నది పంచదార ఎట్లా పుడుతుందో తెలుసుకోవడానికి. కాని ఆ సమాధానం నేడు పురావస్తు పరిశోధకునికి, ఆహార పదార్థాల కల్తీని పట్టే రసాయన శాస్త్రజ్ఞునికి, ఇంధన శక్తిని గూర్చి ఆలోచించే ఇంజనీరుకు సమానంగా ఉపయోగపడుతున్నది. ఒక చిన్న ప్రశ్నకు దొరికిన సమాధానం ఇన్ని రంగాలలోకి ఎట్లా ప్రవేశించినదో పరిశీలించడం విద్యార్థులకు ఎంతో ఉపయోగకరం.

ఆకులోని వంటశాల

ఆకుపచ్చని మొక్క గాలి నుండి బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడును), వేళ్ళ ద్వారా నీటిని గ్రహించి, సూర్యరశ్మి సహాయంతో చక్కెరను తయారు చేసుకొంటుంది. ఇదే కిరణజన్య సంయోగక్రియ. ఈ క్రియలో వాయువును పట్టి చక్కెర మార్గంలో పెట్టే ఎంజైము పేరు రుబిస్కో. ప్రపంచంలోని వృక్షజాతి అంతా దీనిపైననే ఆధారపడి ఉన్నది.

అయినప్పటికీ రుబిస్కోలో ఒక లోపం ఉన్నది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పదివేల వంతులలో సుమారు నాలుగు వంతులు మాత్రమే. ప్రాణవాయువు నూటికి ఇరవై ఒకటి. రుబిస్కో ఈ రెండింటి మధ్య తేడాను పూర్తిగా గుర్తించలేదు. అప్పుడప్పుడు బొగ్గుపులుసు వాయువుకు బదులు ప్రాణవాయువును పట్టుకొంటుంది. అప్పుడు చక్కెర పుట్టదు సరికదా, అంతకు ముందు సంపాదించిన కర్బనంలో కొంత తిరిగి గాలిలో కలిసిపోతుంది. ఎండ తీవ్రత పెరిగిన కొద్దీ ఈ పొరపాట్లు ఎక్కువవుతాయి. వేసవిలో వరి వంటి పైరులో సంపాదించిన కర్బనంలో దాదాపు నాలుగవ వంతు ఈ విధంగా నష్టపోవచ్చును.

చెరకు ఈ నష్టాన్ని తప్పించుకొనే ఉపాయం కలిగి ఉన్నది. దాని ఆకులో రెండు రకాల కణాలు పని పంచుకొంటాయి. వెలుపలి కణాలలో వేరొక ఎంజైము బొగ్గుపులుసు వాయువును పట్టుకొంటుంది. దీనికి ప్రాణవాయువుతో పొరపాటు పడే స్వభావం లేదు. అది పట్టిన కర్బనం నాలుగు కర్బన పరమాణువులు గల ఆమ్లంగా మారి, ఈనెల చుట్టూ ఉన్న లోపలి కణాలలోకి చేరుతుంది. అక్కడ ఆ ఆమ్లం విడిపోయి బొగ్గుపులుసు వాయువును వదలుతుంది. రుబిస్కో పని చేసేది ఆ లోపలి గదిలోనే.

పొలాల నుండి బండ్లు చెరకును మోసుకొని వచ్చి ఫ్యాక్టరీ గేటు వద్ద కుప్పలుగా పోయడం బోధన్ ప్రాంతంలో పెద్దలందరూ చూసినదే. వెలుపలి కణాలు పొలాలు, నాలుగు కర్బనాల ఆమ్లం బండి, లోపలి కణాలు ఫ్యాక్టరీ అనుకోవచ్చును. ఫ్యాక్టరీలో సరకు నిండుగా ఉన్నప్పుడు రుబిస్కోకు పొరపాటు పడే అవకాశం ఉండదు. బండ్లు తోలడానికి కొంత శక్తి అదనంగా ఖర్చు అవుతుంది. వేడి ప్రదేశాలలో, ఎండ బాగా ఉన్నచోట ఆ ఖర్చుకు మించిన లాభం వస్తుంది. చల్లని దేశాలలోను, నీడలోను ఆ ఖర్చు గిట్టదు.

వరి వంటి మొక్కలలో మొదట పుట్టేది మూడు కర్బనాల పదార్థం కనుక వాటిని సీ-3 మొక్కలని, చెరకు వంటి వాటిని సీ-4 మొక్కలని పిలుస్తారు.

పంచదార ప్రయోగశాలలో పుట్టిన ప్రశ్న

మూడు కర్బనాల మార్గాన్ని వెల్లడించినది అమెరికాలో మెల్విన్ కాల్విన్, ఆయన సహచరులు. ఆయనకు 1961లో నోబెల్ బహుమానం లభించినది. మొక్కలన్నిటికీ మార్గం ఇదే అని ఆనాడు అందరూ భావించారు.

అయితే హవాయి దీవులలో చెరకు తోటల యజమానుల సంఘం నడిపిన ప్రయోగశాలలో హ్యూగో కోర్ట్‌షాక్, కాన్‌స్టన్స్ హార్ట్, జార్జి బర్ అను శాస్త్రజ్ఞులు చెరకు ఆకుకు రేడియోధార్మిక కర్బనం గల వాయువును అందించి, అది మొదట ఏ పదార్థంలో కనిపిస్తుందో పరీక్షించారు. కాల్విన్ చెప్పిన మూడు కర్బనాల పదార్థానికి బదులుగా నాలుగు కర్బనాల మాలిక్, ఆస్పార్టిక్ ఆమ్లాలు ముందుగా కనిపించినవి. ఈ ఫలితాలను వారు 1965లో ప్రకటించారు. అంతకు ముందే 1960లో రష్యా శాస్త్రజ్ఞుడు కార్పిలోవ్ మొక్కజొన్నలో ఇటువంటి విషయాన్నే గమనించినప్పటికీ అది ఇతర దేశాల వారి దృష్టికి రాలేదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనులో ఒక పంచదార కంపెనీ పరిశోధనాలయంలో పని చేస్తున్న మార్షల్ హాచ్, రోజర్ స్లాక్ ఈ ప్రశ్నను చేపట్టి, 1966 నుండి వరుసగా జరిపిన ప్రయోగాలలో మార్గమంతటినీ స్పష్టపరిచారు.

ఈ జట్టులోని జాతులు చాలా తక్కువ. భూమిపై ఉన్న పూల మొక్కల జాతులలో నూటికి సుమారు మూడు మాత్రమే సీ-4 జాతులు. అయినా నేలపై జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు నాలుగవ వంతు వాటి ద్వారానే జరుగుతున్నది. ఈ ఏర్పాటు ఒకే వంశంలో ఒకేసారి పుట్టినది కాదు. అరువదికి పైగా మొక్కల వంశాలలో వేర్వేరుగా అవతరించినది.

తరగతి గదిలో చూడవచ్చును

ఈ తేడాను ఉన్నత పాఠశాలలోనే చూపించవచ్చును. మొక్కజొన్న ఆకును, వరి ఆకును అడ్డంగా పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచితే, మొక్కజొన్నలో ప్రతి ఈనె చుట్టూ ముదురాకుపచ్చని పెద్ద కణాలు పూలదండ వలె అమరి ఉండడం కనిపిస్తుంది. వరిలో అటువంటి ఆకుపచ్చని దండ కనిపించదు.

మరొక ప్రయోగం ఇంకా ఆసక్తికరం. కడిగిన ఇసుకలో మొలిపించిన మొక్కజొన్న, సోయా చిక్కుడు మొక్కలను కలిపి ఒక గాజు పాత్రలో ఉంచి, గాలి చొరకుండా మూసి, వేడెక్కకుండా మంచి వెలుతురులో పెట్టాలి. పోలిక కోసం మరొక పాత్రలో సోయా మొక్కలను మాత్రమే ఉంచాలి. మొదటి పాత్రలోని సోయా ఆకులు త్వరగా పసుపుబారి వాడిపోతాయి. పాత్రలోని బొగ్గుపులుసు వాయువును మొక్కజొన్న దాదాపు చివరి వంతు వరకు లాగుకొనగలదు. సోయా కొంత స్థాయికి తగ్గిన తరువాత లాగుకొనలేదు, పైగా తనలో ఉన్న కర్బనాన్నే పోగొట్టుకొంటుంది.

పొలంలో ఈ పోటీ ప్రతి సంవత్సరం జరుగుతూనే ఉన్నది. వరి మడిలో మొలిచే ఊద సీ-4 జాతి గడ్డి. అది పైరును మించి ఎదగడానికి గల కారణాలలో ఇది ఒకటి. గరిక, తుంగ కూడా ఈ జట్టులోనివే.

బరువు కర్బనం, తేలిక కర్బనం

సీ-4 మార్గానికి గల మరొక లక్షణం పురావస్తు పరిశోధకునికి ఉపకరించినది. గాలిలోని కర్బనంలో నూటికి సుమారు 99 పాళ్ళు కర్బనం-12. సుమారు ఒక పాలు దాని కంటే కొంచెం బరువైన కర్బనం-13. రెండింటి రసాయన గుణాలూ ఒకటే. ఇటువంటి వాటిని ఐసోటోపులు అంటారు.

రుబిస్కో ఈ రెండింటిలో తేలికదానినే ఎక్కువగా ఏరుకొంటుంది. వరి ఆకులో గాలి రంధ్రాల ద్వారా సరకు వస్తూ పోతూ ఉంటుంది; సంతలో కూరగాయలు ఏరుకొనే వాని వలె రుబిస్కో తనకు నచ్చినది తీసుకొని మిగిలినది వదలివేస్తుంది. చెరకులో అది మూసిన గదిలో ఉన్నది. బండిలో వచ్చిన సరకంతా వాడుకొనక తప్పదు. అందుచేత చెరకు, జొన్నలలో బరువు కర్బనం పాలు వరి, పసుపులలో కంటే కొంచెం ఎక్కువగా ఉంటుంది.

ఈ తేడాను అంతర్జాతీయ ప్రమాణంతో పోల్చి, వెయ్యికి ఇన్ని పాళ్ళు అని చెప్తారు. సీ-3 మొక్కలలో బరువు కర్బనపు నిష్పత్తి ప్రమాణం కంటే వెయ్యికి సగటున 27 పాళ్ళు తక్కువ. సీ-4 మొక్కలలో సుమారు 13 పాళ్ళు తక్కువ. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న దూరం 14. తేడా చిన్నదే అయినా ద్రవ్యరాశి వర్ణపటమాపకం దానిని సులభంగా పట్టుకొంటుంది.

మనిషి శరీరం అతడు తిన్న అన్నంతో కట్టబడినది. కాబట్టి అతడు ఏ జట్టు ధాన్యం తిన్నాడో అతని ఎముకలు చెప్పగలవు. 1977లో వోగెల్, వాన్ డెర్ మెర్వే అను శాస్త్రజ్ఞులు న్యూయార్కు రాష్ట్రంలో దొరికిన ప్రాచీన మానవుల ఎముకలలోని మాంసకృత్తును పరీక్షించి, అక్కడి ప్రజల ఆహారంలోకి మొక్కజొన్న ప్రవేశించిన విషయాన్ని నిరూపించారు. అక్కడి అడవి మొక్కలన్నీ దాదాపు సీ-3 జాతులు కనుక, సీ-4 గుర్తు కనిపించగానే అది మొక్కజొన్న అని తేలినది.

మన దేశంలో గుజరాతులోని కోటడా భడ్లీ అను హరప్పా కాలపు గ్రామం దీనికి మంచి ఉదాహరణ. అక్కడి కుండ పెంకులలో ఇంకి మిగిలిన క్రొవ్వును కల్యాణ్ శేఖర్ చక్రవర్తి, ఆయన సహచరులు పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. సుమారు క్రీ.పూ. 2500 నాటికే అక్కడి ప్రజలు పాల పదార్థాలు తయారు చేసినట్లు స్పష్టమైనది. ఆవులు, గేదెలు చిరుధాన్యాల మేత తిన్నవని, మేకలు, గొర్రెలు ఇతర ఆకు, గడ్డి మేసినవని కూడా ఐసోటోపుల వలన తెలిసినది. నాలుగువేల అయిదువందల సంవత్సరాల క్రిందటి పశువు మేత గురించి ఒక పెంకు సాక్ష్యం చెప్పినది.

బోధన్ కూడా ప్రాచీన స్థలమే. బౌద్ధ గ్రంథాలలోని పదహారు మహాజనపదాలలో ఒకటైన అశ్మక రాజ్యానికి రాజధానిగా చెప్పబడిన పోదనం ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. గోదావరి, మంజీరా తీరాలలో ఆనాటి సామాన్యుడు తిన్నది జొన్న అన్నమా, వరి అన్నమా? శాసనాలు రాజుల దానాలను చెప్తాయే గాని పేదవాని కంచంలోని అన్నాన్ని చెప్పవు. తగిన ఎముకలు, పెంకులు దొరికినప్పుడు ఇటువంటి ప్రశ్నకు సమాధానం చెప్పగల సాధనం నేడు ఉన్నది.

ఈ సాధనానికి హద్దులు కూడా ఉన్నవి. అది జట్టును చెప్తుందే గాని పైరు పేరు చెప్పదు. జొన్నను, రాగిని, సజ్జను వేరుపరచలేదు. సముద్రపు చేపలు తిన్నవారి ఎముకలలో కూడా సీ-4ను పోలిన గుర్తు ఉంటుంది. అందువలన పురావస్తు శాస్త్రజ్ఞుడు మాడిన గింజలను, ఇతర ఆధారాలను కూడా కలిపి చూడాలి.

ఇదే పద్ధతితో తేనెలో కలిపిన చెరకు పాకాన్ని పట్టుకొంటారు. తేనెటీగలు మకరందం తెచ్చే పూలు ఎక్కువగా సీ-3 మొక్కలవి. చెరకు పాకం సీ-4. కాని బియ్యపు పిండితో చేసిన పాకం కలిపితే ఈ పరీక్షకు దొరకదు, ఎందుకంటే వరి కూడా సీ-3 మొక్కయే. దానికి వేరే పరీక్షలు కావాలి.

ఎండను నిలువ చేసే పైరు

చెరకును ఎండ శక్తిని నిలువ చేసే పైరుగా చూడవచ్చును. ఒక టన్ను చెరకును గానుగ ఆడితే సుమారు 100 కిలోల పంచదార, 300 కిలోల పిప్పి, 40 నుండి 45 కిలోల మడ్డి వస్తాయి. పిప్పిలో సగం నీరే అయినా అది మంచి వంటచెరకు. ఒక టన్ను పిప్పిని కాలిస్తే రెండు టన్నులకు పైగా ఆవిరి వస్తుంది. అధిక పీడనం గల నూతన బాయిలరులు ఉన్న కర్మాగారాలు ఆ ఆవిరితో ముందు టర్బైను త్రిప్పి విద్యుత్తు తీసి, తరువాత అదే ఆవిరితో రసం కాచుకొని, మిగిలిన విద్యుత్తును బయటకు అమ్ముతున్నవి. పిప్పి కాలినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు ఆ చెరకు కొద్ది నెలల క్రిందట గాలి నుండి తీసుకొన్నదే. నేలబొగ్గు కాలినప్పుడు కోట్ల సంవత్సరాల క్రిందట పూడిపోయిన కర్బనం గాలిలో చేరుతుంది. పునరుత్పాదక శక్తి అనడంలోని అర్థం ఇదే.

రసాన్ని నేరుగా పులియబెడితే టన్ను చెరకు నుండి సుమారు 70 లీటర్ల ఇథనాలు వస్తుంది. పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే స్థాయికి 2025లో దేశం చేరుకొన్నది. అందులో చెరకుతో పాటు మొక్కజొన్న, బియ్యం నుండి తీసినది కూడా ఉన్నది.

ఇక్కడ లెక్క నిష్పక్షపాతంగా వేయాలి. మంచి చెరకు తోట కూడా ఏడాది మొత్తంలో తనపై పడిన సూర్యశక్తిలో సుమారు ఒక శాతాన్ని మాత్రమే నిలువ చేస్తుంది. నేటి సౌర ఫలకం దాదాపు 20 శాతాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. విద్యుత్తు ఒక్కటే కావాలంటే చెరకు ఫలకంతో పోటీ పడలేదు. చెరకు ఇచ్చేది తినే చక్కెర, సీసాలో నిలువ చేయగల ద్రవ ఇంధనం, కావలసినప్పుడు కాల్చుకోగల పిప్పి.

నీటి లెక్క కూడా ముఖ్యమైనది. ఒక కిలో ఎండు పదార్థం తయారు చేయడానికి సీ-4 మొక్క సీ-3 మొక్క కంటే తక్కువ నీరు ఖర్చు చేస్తుంది. అయినా చెరకు పది పన్నెండు నెలలు పొలంలో నిలిచి ఉంటుంది. వర్షంతో కలిపి దానికి 2000 మిల్లీమీటర్ల నీరు కావాలనుకొందాం. ఎకరాకు అది సుమారు 80 లక్షల లీటర్లు. ఎకరాకు 35 టన్నుల దిగుబడి వస్తే 2,450 లీటర్ల ఇథనాలు. అంటే ఒక లీటరు ఇథనాలుకు సుమారు 3,300 లీటర్ల నీరు. వానకాలం, యాసంగి రెండు కార్లలోనూ వరి పండించినా పొలానికి దాదాపు ఇంత నీరు కావలసినదే. కాబట్టి చెరకు నీటిని త్రాగివేస్తుందనడమూ, వరి పొదుపు చేస్తుందనడమూ రెండూ తొందరపాటు మాటలే.

అందుచేత పరిశోధకుల దృష్టి పిప్పి, వరిగడ్డి వంటి వ్యర్థాలపై ప్రసరించినది. వీటిలోని సెల్యులోజును ఎంజైములతో చక్కెరగా విడగొట్టి ఇథనాలు తీయవచ్చును. వరిగడ్డి నుండి ఇథనాలు తీసే కర్మాగారం హర్యానాలోని పానిపట్టులో 2022లో ప్రారంభమైనది. మరొక వైపు, నార ఎక్కువగా ఉండే ‘ఇంధన చెరకు’ను పెంపొందిస్తున్నారు. దీనికి చెరకును రెల్లుతో సంకరం చేస్తారు. ఈ సంకరానికి మూలం మన దేశమే. కోయంబత్తూరులో బార్బర్, వెంకట్రామన్ ఏరు ఒడ్డున పెరిగే రెల్లును చెరకుతో కలిపి ‘కో 205’ రకాన్ని తయారు చేసి 1918లో విడుదల చేశారు. ఆనాడు రెల్లు నుండి కోరినది గట్టిదనం. నేడు కోరుతున్నది నార.

బోధన్ నేల దాచుకొన్న లెక్క

మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయినది. ఆ కాలువ నీటిని నమ్ముకొని 1937లో బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా దానికి పేరుండేది. 2015 డిసెంబరులో అందులో పని ఆగిపోయినది. దాని పునరుద్ధరణను పరిశీలించడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఒక సంఘాన్ని నియమించినది.

కర్మాగారం ఆగితే చెరకు ఎందుకు తగ్గుతుందో రసాయన శాస్త్రమే చెప్తుంది. వరిని గాదెలో నెలల తరబడి నిలువ చేయవచ్చును. నరికిన చెరకును ఒక రోజుకు మించి నిలువ చేస్తే నష్టం మొదలవుతుంది. అందులోని పంచదార గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతూ ఉంటుంది. విడిపోయినది తిరిగి పంచదార కాదు. దగ్గరలో గానుగ లేని చెరకు తోట రైతుకు బరువే. ఈ కారణం చేత బోధన్ ప్రాంతపు రైతులు చాలామంది వరికి మళ్ళినారు.

శాస్త్రజ్ఞుని భాషలో చెప్పాలంటే, ఆ నేల సీ-4 నుండి సీ-3కి మారినది. ఈ మార్పు నేలలో వ్రాయబడే ఉంటుంది. పైరు వేళ్ళు, ఆకులు కుళ్ళి మట్టిలో కలిసినప్పుడు వాటి కర్బనపు గుర్తు కూడా మట్టిలో కలుస్తుంది. బ్రెజిలులో అడవి కొట్టి చెరకు వేసిన నేలలలో 1980ల నుండి శాస్త్రజ్ఞులు ఈ గుర్తును చదివి, మట్టిలోని పాత కర్బనం ఎంత కాలం నిలుస్తుందో, క్రొత్తది ఎంత వేగంగా చేరుతుందో లెక్క కట్టారు. లెక్క సులభమైనదే. మట్టిలోని కర్బనపు విలువ ప్రమాణం కంటే 20 పాళ్ళు తక్కువ అని తేలినదనుకొందాం. 27 నుండి 20 తీసివేస్తే 7. మొత్తం దూరం 14లో అది సగం. అంటే ఆ మట్టి కర్బనంలో సగం సీ-4 పైరుల నుండి వచ్చినదన్న మాట. చెరకు పోయి వరి వచ్చిన పొలంలో ఈ పరీక్ష చేస్తే, తాతలు పండించిన చెరకులో ఎంత భాగం ఇంకా ఆ మట్టిని సారవంతం చేస్తున్నదో తెలుస్తుంది. మట్టిలోని కర్బనం తగ్గితే నేల సారం, నీటిని పట్టి ఉంచే శక్తి తగ్గుతాయి కనుక ఇది రైతుకు సంబంధించిన విషయమే.

వరికి చెరకు విద్య నేర్పగలమా?

బోధన్ సమీపంలోని రుద్రూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉన్నది. సీ-4, సీ-3 జట్లకు చెందిన రెండు ముఖ్యమైన పైరులకు అది ఒకే చిరునామా. ఆ రెండింటినీ ఒకే మొక్కలో కలపడం సాధ్యమా అన్నదే నేటి వృక్షశాస్త్రంలోని గొప్ప ప్రశ్నలలో ఒకటి. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆక్స్‌ఫర్డు మొదలైన విశ్వవిద్యాలయాలు 2008 నుండి సీ-4 వరి కోసం కృషి చేస్తున్నవి. అవసరమైన ఎంజైములలో కొన్నిటిని వరిలో ప్రవేశపెట్టగలిగారు. కాని ఈనెల చుట్టూ ఆ దండను కట్టడం, రెండు రకాల కణాల మధ్య బండ్లు నడపడం ఎంతో కష్టమైన పని. పొలంలో నాటదగిన సీ-4 వరి ఇంకా రాలేదు. ప్రకృతి ఈ పనిని అరువదిసార్లకు పైగా చేసినది కనుక శాస్త్రజ్ఞులు ఆశ వదలుకొనలేదు.

చెరకు ఆకులో మొదట పుట్టే పదార్థం ఏది అని అడిగినవారు హరప్పా కుండ పెంకును గాని, తేనె సీసాను గాని, బోధన్ మట్టిని గాని ఊహించి ఉండరు. ఒక శాస్త్రంలో శ్రద్ధగా అడిగిన ప్రశ్న ఇతర శాస్త్రాలకు తాళపుచెవి కాగలదు. పాఠశాల పక్కన ఉన్న వరి మడిలో ఊద గడ్డిని చూసి, ఇది పైరును మించి ఎందుకు పెరుగుతున్నది అని ఒక విద్యార్థి అడిగితే, అతడు అడిగినది ఆ కోవకు చెందిన ప్రశ్నయే. దానిని వినడం, పరీక్షించే దారి చూపడం ఉపాధ్యాయుని పని.